కరగకూడని కాకరకాయ

ప్రతి లోహానికీ ఓ ఉద్యోగం ఉంటుంది. ఇనుము బరువు మోస్తుంది. రాగి కరెంటు పంపుతుంది. బంగారం బీరువాలో కూర్చుని ఇంటిల్లిపాదికీ నిద్ర లేకుండా చేస్తుంది. గురజాల దాటి మాచర్ల పోయే రోడ్డు మీదున్న మృదులోహ మండలి వారు తయారుచేసే లోహానికి మాత్రం కరగడమే ఉద్యోగం.

ఇదేం వింత ఉద్యోగమండీ అంటారేమో. మిర్చి కోల్డ్ స్టోరేజీల్లోనూ, పత్తి మిల్లుల్లోనూ పైకప్పు కింద నీళ్ల గొట్టాలు పోతుంటాయి. వాటి మూతల్ని బిగించి పట్టుకునేది ఈ లోహపు బిళ్లే. కింద మంట లేచిందా, ఆ సెగకి బిళ్ల కరిగి జారిపోతుంది, మూత ఊడుతుంది, నీళ్లు జల్లున పడి మంట ఆరిపోతుంది. దానికి కొలిమీ అక్కర్లేదు, తిత్తీ అక్కర్లేదు. పొగలు కక్కే నీళ్లలో వేస్తే చాలు, చూస్తుండగానే వెన్నముద్దలా జారిపోతుంది.

బెల్లంకొండ పానకాలరావు ఆ మండలిలో పరీక్షల విభాగం సూపరింటెండెంటు. బిళ్లల పెట్టెలోంచి ఒకదాన్ని తీసి వేడినీళ్లలో వేస్తాడు. అది కరిగితే పెట్టె మీద 'ఉత్తీర్ణం' అని ముద్ర కొడతాడు. కరక్కపోతే పెట్టె వెనక్కి పంపుతాడు. ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ చేస్తున్నది ఇదే. ఒక్కనాడైనా విసుగు పుట్టలేదంటే మీరు నమ్మాలి. పైపెచ్చు ఆఫీసులో చూసింది చాలక ఆదివారం ఇంట్లోనూ అదే చూసేవాడు.

మండలి వార్షికోత్సవానికి సిబ్బందికి తలా ఒక లోహపు ముద్ద పంచారు, కాగితాలు ఎగిరిపోకుండా బరువు పెట్టుకోమని. ఒక్కో ముద్ద మీదా ఎవరి పేరు వాళ్లకి చెక్కించారు. మిగతావాళ్ల ముద్దలు గూట్లోకీ, తలుపు సందుల్లోకీ పోయాయి. పానకాలరావు మాత్రం తనదాన్ని ఇంటికి తెచ్చి వేడినీళ్లలో పడేశాడు. పేరు ఆ రోజే కరిగిపోయింది. దానికి ఆయనేం బాధపడలేదు, తన పేరు తనకి తెలుసు గదా.

ఆ రోజు నుంచీ అదో సరదా. ఆయన భార్య రాజ్యలక్ష్మి శనివారం సంతలో ఓ మంచి కాయ చూసి పక్కకి తీసేది. ఆయన దాన్ని బంకమట్టిలో రెండు పక్కలా అద్ది అచ్చు తీసి, నీడన ఆరబెట్టి, ఆదివారం పొద్దున్నే లోహం పోసేవాడు. ఈ లోహం గట్టిపడేటప్పుడు కొంచెం ఉబ్బుతుంది. అందుకని కాయ మీదున్న ప్రతి గాటూ, ప్రతి పొక్కూ అచ్చు గుద్దినట్టు పడేది. ఓ వారం వంకాయ, ఓ వారం సీతాఫలం, ఓ వారం చింతకాయ. వారమంతా అది కిటికీలో కూర్చునేది. మళ్లీ ఆదివారం రాగానే దాన్ని వేడినీళ్లలో దించి, భార్యాభర్తలిద్దరూ ముక్కాలిపీటలు వేసుకుని చూసేవారు.

"అదుగో, ముచ్చిక వంగింది," అనేవాడు ఆయన.

"పాపం, వంకాయగారికి కళ్లు తిరుగుతున్నాయి," అనేది ఆవిడ.

నిజం చెప్పాలంటే ఆయనకి చేయడం కన్నా కరిగించడమే ఇష్టం. ఉన్నది ఒక్క ముద్ద. పాతది పోతేనే కొత్తది వచ్చేది. ఆ పని కోసం రాజ్యలక్ష్మి ఓ సొట్ట గిన్నె విడిగా ఇచ్చింది. అది పొరపాటున కూరగిన్నెల్లో కలిసిపోకుండా, గేటుకి వేయగా మిగిలిన వెండిరంగు తెచ్చి దాని చుట్టూ పట్టీ వేసింది కూడా.

ఇలా ఎవరి జోలికీ పోకుండా సాగుతున్న సంసారంలోకి డైరెక్టర్‌గారి కొండ ప్రయాణం వచ్చిపడింది.

మండలి డైరెక్టర్ డాక్టర్ విద్యారణ్యంగారు కొడైకెనాల్లో పై అధికారుల శిక్షణకి వెళ్లొచ్చారు. అక్కడ ఎవరో, హాబీ ఉన్న ఉద్యోగి హాబీ లేని ఉద్యోగి కన్నా చురుగ్గా పనిచేస్తాడని చెప్పారట. ఆయన దిగి వస్తూనే సిబ్బందినంతా మీటింగు హాల్లో కూర్చోబెట్టారు.

"మిత్రులారా! అభిరుచిలేని ఉద్యోగి అంటే ఉప్పులేని పప్పు. కావున ప్రతి ఒక్కరూ తమ తమ హాబీ ఏమిటో సభాముఖంగా తెలియపరచవలసిందిగా కోరడమైనది."

అందరూ పక్కవాళ్ల మొహాలు చూసుకున్నారు. అందరికీ ఇళ్ల దగ్గర బోలెడు పనులున్నాయి గానీ హాబీలు ఎవరికున్నాయి? అలాంటి సమయంలో నోరు మూసుకోవడం ఎంత గొప్ప విద్యో పానకాలరావుకి పట్టుబడలేదు. లేచి నిలబడ్డాడు.

"నేను ఆదివారాలు మన లోహంతో కాయలు చేస్తానండీ."

పక్కనే కూర్చున్న క్యాంటీన్ మస్తాన్‌వలి ఆయన చొక్కా పట్టి లాగాడు. "పానకాలన్నా! కొరివితో తల గోక్కుంటుండావు. కూసో," అన్నాడు గొంతు తగ్గించి. కానీ అప్పటికే డైరెక్టర్‌గారి మొహం దీపావళి అయిపోయింది.

మరుసటి ఆదివారం ఆయన స్వయంగా పానకాలరావు ఇంటికి వేంచేశారు. వెనకాల అభిరుచుల ప్రత్యేకాధికారిగా అప్పుడే నియమితుడైన వీరభద్రం ఫైలు పట్టుకుని వచ్చాడు. రెండు రోజుల కిందటిదాకా ఆయన స్టోర్సులో చీపుళ్లు, ఫినాయిలు చూసుకునేవాడు. కిటికీలో ఆ వారం కాకరకాయ ఉంది. వంపు తిరిగిన తోక, ఒళ్లంతా బుడిపెలు, తళతళలాడిపోతోంది. పానకాలరావు చేసిన వాటిల్లో అంత బాగా కుదిరింది మరొకటి లేదు.

"అద్భుతం!" అన్నారు విద్యారణ్యంగారు. "మన లోహానికి ఇంతటి భవిష్యత్తున్నదని ఇన్నాళ్లూ ఎవరూ గ్రహించకపోవడం శోచనీయం. దీన్నిప్పుడేం చేస్తారు?"

"కరిగిస్తానండీ."

"ఏమిటీ?"

"నీళ్లు కాగుతున్నాయండీ. చూద్దురుగాని రండి, తోక దగ్గర మొదలవుతుంది, భలే ఉంటుంది."

విద్యారణ్యంగారు కాకరకాయని రెండు చేతులా గుండెకి హత్తుకున్నారు. పసిపిల్లని నూతిలో పడేస్తానన్నవాణ్ణి చూసినట్టు చూశారు పానకాలరావు వంక. "ఇది మండలి లోహం. మండలి లోహంతో రూపొందిన కళాఖండం మండలి ఆస్తి. మండలి ఆస్తిని కరిగించుట అనగా ధ్వంసం చేయుట."

"ముద్ద నాదేనండీ. నా పేరు చెక్కి ఇచ్చారు."

వీరభద్రం కాకరకాయని అటూ ఇటూ తిప్పి చూశాడు. "పేరు ఎక్కడా కనబడుటలేదు సార్," అన్నాడు.

కరిగిపోయిందండీ అన్నాడు పానకాలరావు. అలా అనకుండా ఉండాల్సింది. ధ్వంసం చేసినట్టు ఒప్పుకుంటున్నాడని వీరభద్రం ఫైల్లో రాసుకున్నాడు. కాకరకాయ జీపెక్కి వెళ్లిపోయింది. స్టవ్వు మీద నీళ్లు అలా మరుగుతూనే ఉన్నాయి.

"ఓ ముక్క చెప్పనా?" అంది రాజ్యలక్ష్మి స్టవ్వు ఆపుతూ. "చదవకముందు కాకరకాయ, చదివాక కీకరకాయ అని ఊరికే అనలేదు పెద్దలు. ఆ డాక్టర్‌గారు బాగా చదివినట్టున్నాడు."

ఆయన నవ్వలేదు. ఇంత చిన్న ముద్ద పోయినందుకు దిగులుగా ఉందంటే ఎవరికి చెప్పుకున్నా నవ్వుతారు. కానీ దిగులేసింది, ఏం చేస్తాడు!

ఉత్తర్వు వారం తిరక్కుండానే వచ్చింది. 'మండలి సిబ్బంది యావన్మందికీ తెలియజేయునది ఏమనగా, ఇకమీదట ప్రతి ఉద్యోగీ మధ్యాహ్నం ఒక గంటసేపు మండలి లోహముతో విధిగా, స్వచ్ఛందముగా హాబీ చేయవలెను. ఆనందించని వారిపై క్రమశిక్షణ చర్య తీసుకొనబడును. రూపొందిన వస్తువులకు నంబరు వేసి అద్దాల బీరువాలో భద్రపరచవలెను. ఏ వస్తువునూ ఎట్టి పరిస్థితులలోనూ కరిగించరాదు.' ఒకటో నంబరు కాకరకాయకి దక్కింది. పానకాలరావుకి ముఖ్య అభిరుచి మార్గదర్శి అని ఓ బిరుదు ఇచ్చారు.

అక్కణ్ణుంచి చూడాలి తమాషా. పొద్దున్నించీ బిళ్లలు పోసే కార్మికులు మధ్యాహ్నం అదే లోహం, అదే వేడినీళ్ల దగ్గర ఆనందిస్తూ కూర్చునేవారు. పోసిన బొమ్మ వంకరొస్తే మళ్లీ పోద్దామంటే వీల్లేదు, కరిగించకూడదు గదా! అందుకని వంకరవన్నీ నంబర్లతో సహా బీరువాలోకి పోయేవి. అకౌంట్స్ వాళ్లంతా కలిసి ఏనుగు చేయబోతే సన్నికల్లు వచ్చింది. దానికి 'ఏనుగు' అని చీటీ కట్టి పెట్టారు. వీరభద్రం ఆ గంటలో పదిసార్లు వచ్చి ఒక్కొక్కరి మొహంలోకి వంగి చూసేవాడు.

"మీరు ఆనందించుచున్నట్లు కనబడుటలేదు," అనేవాడు.

"పన్ను నొప్పి సార్."

"నొప్పిని హాబీ గంట అనంతరం అనుభవించవలెను."

కొందరు తెలివైనవాళ్లు దుర్గి శిల్పుల చేత ఇంటి దగ్గర అచ్చులు చెక్కించుకొచ్చి తమవేనని చూపించుకున్నారు. వాళ్లకి ఉత్తమ అభిరుచి పతకాలు వచ్చాయి. ఆ పతకాలూ ఈ లోహంతో చేసినవే. ఎండలో స్కూటరు హ్యాండిలుకి తగిలించి మర్చిపోయినవాళ్ల పతకాలు ఇంటికెళ్లేసరికి దోసెల్లా వంగిపోయాయి.

పానకాలరావు రోజూ అద్దాల బీరువా ముందు కాసేపు నిలబడేవాడు. లోపల కాకరకాయ కదలకుండా పడి ఉండేది. మీద దుమ్ము కూడా పేరుకుంది. ఆదివారాలు సొట్ట గిన్నె బోర్లించి ఉండేది. రాజ్యలక్ష్మి సంతలో కాయలు ఏరడం మానేసింది. ఇద్దరూ ముక్కాలిపీటల మీద కూర్చుని పేపరు చదివేవాళ్లు, ఎంతసేపని చదువుతారు పాపం! చివరికి ఆయన మనసు ఉగ్గబట్టుకోలేక, ఒక్కసారి కాకరకాయని కరిగించి ఇంకో కాయ చేసుకునేందుకు అనుమతి కోరుతూ అర్జీ పెట్టుకున్నాడు.

జవాబు త్వరగానే వచ్చింది. అనుమతి ఇచ్చారు! ఆత్రంగా చివరిదాకా చదివాడు. 'అయితే కరిగించిన తరువాత సైతం సదరు కాకరకాయ తన ఆకారమును యథాతథముగా నిలుపుకొనవలెను' అని ఉంది చివర్న.

ఇంతలో డైరెక్టర్‌గారికి మరో ఊహ పుట్టింది. బీరువాలు నిండిపోతున్నాయి కాబట్టి వస్తువుల్ని వాడుకలోకి తేవాలన్నారు. క్యాంటీన్‌లో స్టీలు చెంచాలు తీసేసి మండలి చెంచాలు పెట్టించారు. మొదటి రోజు డైరెక్టర్‌గారే టీలో పంచదార వేసుకుని కలిపారు. చెంచా తీసేసరికి చేతిలో కాడే మిగిలింది. ఆయన కాసేపు ఆ కాడ వంకా, గ్లాసు అడుగున తళతళలాడుతున్న ముద్ద వంకా చూశారు.

"దోషం చెంచాలో లేదు. టీ అవసరానికి మించి వేడిగా ఉన్నది," అన్నారు.

మర్నాటి నుంచీ మండలిలో టీ చల్లార్చి పోయాలని ఉత్తర్వు. చెంచాకి హాని కలగని ఉష్ణోగ్రత వద్ద మాత్రమే టీ సరఫరా చేయబడవలెను. మస్తాన్‌వలి నెత్తి కొట్టుకున్నాడు.

"ఇదేం ఖర్మన్నా! నా టీకి గురజాల నుంచి బస్సు డ్రైవర్లు ఆగి తాగిపొయ్యేవోళ్లు. ఇప్పుడు పొద్దున్నే డ్రమ్ముల కొద్దీ కాచి చల్లారబెట్టుకుంటుండా. దున్నపోతు గూడా మూతి పెట్టట్లా."

"ఓర్చుకో మస్తాన్."

"నువ్వు ఆరోజు లెయ్యకుండా కూసుంటే సరిపొయ్యేది గదన్నా!"



ఎండాకాలం వచ్చింది. పల్నాడు ఎండ సంగతి తెలియనిదెవరికి? రోళ్లు పగులుతాయంటారే, ఆ ఎండ. మండలి లోహంతో పోసిన తలుపు గడియలు పడమటెండకి సాగి వేళ్లాడాయి. తాళంచెవులు జేబుల్లో వంగిపోతే, ఎవరి గదులు వాళ్లకే తెరుచుకోవడం మానేశాయి. దాంతో బీరువాల గదికి ఏసీలు పెట్టించారు. వెచ్చటి చేతులతో ఎవరూ వస్తువుల్ని తాకరాదని బోర్డు కట్టారు. తాకాల్సి వస్తే ముందు చేతులు కుండలోని నీళ్లలో ముంచుకుని వీరభద్రానికి చూపించాలి. ఆయన తన బుగ్గకి ఆనించుకుని చూసి, చల్లగా ఉన్నాయంటేనే లోపలికి ప్రవేశం.

అంతా అయ్యాక దెబ్బ పరీక్షల విభాగం మీద పడింది. కరగడం క్రమశిక్షణారాహిత్యం గనక ఇకపై కరగని బిళ్లలకే 'ఉత్తీర్ణం' ముద్ర వేయాలని ఉత్తర్వు వచ్చింది. కరగని బిళ్లలు మిర్చి గోడౌన్లకి వెళ్తే ఇంకేమన్నా ఉందా! అలాగని డైరెక్టర్‌గారికి ఎదురు చెప్పే గుండె పానకాలరావుకి లేదు. ముద్ర సిరా ఎండిపోయిందనీ, కొత్త సిరా కావాలనీ కాగితం పెట్టాడు. సర్కారు ఆఫీసులో సిరా రావాలంటే ఎంత కాలం పడుతుందో ఆయనకి తెలుసు. పెట్టెలన్నీ సిరా కోసం ఎదురుచూస్తూ గేటు లోపలే ఉండిపోయాయి.

అదే ఊపులో విద్యారణ్యంగారు అభిరుచుల మహా ప్రదర్శన ప్రకటించారు. రాజధాని నుంచి పెద్ద అధికారి ఒకాయన రాబోతున్నారు. మీటింగు హాల్లో పట్టుపరదాలు కట్టి, బల్లల మీద వస్తువులన్నీ పరిచి, మధ్యలో ఎత్తయిన పీట మీద కాకరకాయని కూర్చోబెట్టారు. వీరభద్రం పైకి చూశాడు. పైకప్పుకి నీళ్ల గొట్టాలున్నాయి, వాటి మూతల్ని మండలి బిళ్లలు పట్టుకుని ఉన్నాయి.

"సార్, అవి కరిగే రకం," అన్నాడు.

"ప్రదర్శనలోనే కరుగుబోతులా? ప్రతిష్ఠకు భంగం!" అన్నారు డైరెక్టర్‌గారు. బిళ్లలు పీకించి ఇనప తీగతో మూతలు గట్టిగా కట్టించారు.

పానకాలరావు చూస్తూ ఊరుకోలేకపోయాడు. "సార్, అవి మంటొస్తే కరగాలండీ. అందుకేగదండీ మనం ఉన్నది?"

"పానకాలరావుగారూ! మీలో కరిగించే ధోరణి ఇంకా పోలేదు. విచారకరం," అన్నారు ఆయన.

ప్రదర్శన రోజు రానే వచ్చింది. పెద్ద అధికారిగారు జ్యోతి వెలిగించారు. పక్కనున్న విద్యారణ్యంగారు కూడా ఓ ఒత్తి వెలిగించి, కొవ్వొత్తి వెనక్కి చాపి, తీసుకునేవాళ్లు ఉన్నారో లేదో చూడకుండా వదిలేశారు. అది పట్టుపరదా కుచ్చిళ్లలో పడింది. మంట పరదా ఎక్కి బల్లల దాకా వెళ్లడానికి ఓ ఉపన్యాసం మొదలుపెట్టేంత సేపు కూడా పట్టలేదు. అందరూ ఒక్కసారి పైకి చూశారు. ఇనప తీగలు కర్తవ్యనిష్ఠతో నీళ్ల గొట్టాల నోళ్లు నొక్కి పట్టుకుని ఉన్నాయి. ఒక్క చుక్క పడితే ఒట్టు.

"బయటికి! అందరూ బయటికి!" అని అరిచాడు పానకాలరావు. ఆయన గొంతులో అంత కేక ఉందని ఆయనకే తెలియదు. జనం గుమ్మం వైపు పరుగెత్తారు. వస్తువులు మాత్రం ఒకటొకటిగా వంగసాగాయి. అకౌంట్స్ వాళ్ల ఏనుగు కూలబడింది. పతకాలు జారాయి. పీట మీద కాకరకాయ తోక మెల్లిగా కిందికి వాలింది. అంత గడబిడలోనూ పానకాలరావు గుమ్మం దగ్గర ఆగి వెనక్కి తిరిగి చూశాడంటే తిట్టుకోకండి. ఎన్నాళ్లయింది మరి!

అప్పుడు వచ్చాడు మస్తాన్‌వలి. క్యాంటీన్‌లో పొద్దున కాచి చల్లారబెట్టిన టీ డ్రమ్ములన్నీ అలాగే ఉన్నాయి, తాగిన పాపాన పోయినవాడు లేడు. "పట్టండ్రా బకెట్లు!" అంటూ కార్మికుల్ని వరసగా నిలబెట్టి టీ అంతా పరదాల మీద గుమ్మరించాడు. మంట చుయ్యిమని ఆరింది. హాలంతా యాలకుల వాసన.

ఎవరికీ ఏమీ కాలేదు. పెద్ద అధికారిగారి తెల్ల చొక్కా మాత్రం టీ రంగు తిరిగింది. ఆయన విద్యారణ్యంగారి చేయి పట్టుకుని ఊపారు. "ఇంత టీ ముందుగానే చల్లార్చి సిద్ధంగా ఉంచారంటే, మీ ముందుచూపు అమోఘమండీ!"

"చిత్తం. ఉత్తర్వు నాదే," అన్నారు ఆయన తల వంచుకుని.

మర్నాడు నష్టాల పరిశీలన కమిటీ కూర్చుంది. ఒకటో నంబరు వస్తువు దగ్గరికి వచ్చారు. పీట కింద అప్పడంలా పరుచుకున్న లోహపు బిళ్ల ఉంది. వీరభద్రం ఫైలు చూసి దాన్ని చూశాడు. "ఫైలు ప్రకారం ఇక్కడ కాకరకాయ ఉండవలెను. ఇది కాకరకాయ కాదు. కావున కాకరకాయ గల్లంతైనది."

"కరిగిందండీ. ఇదే అది," అన్నాడు పానకాలరావు.

"కరిగించరాదని ఉత్తర్వు ఉండగా ఎట్లు కరుగును? కాకరకాయ ఎవరో తీసుకొనిపోయి ఉండవలెను. ఈ ఆకారం లేని పదార్థానికి నంబరు లేదు. చెత్తగా పరిగణించి పారవేయుడు."

పానకాలరావు గబుక్కున ముందుకొచ్చాడు. "నేను పారేస్తానండీ," అన్నాడు. ఆ అప్పడాన్ని జేబురుమాలులో చుట్టుకుని సంచీలో వేసుకున్నాడు.

"ఆగండి," అన్నారు విద్యారణ్యంగారు. "కాకరకాయపై అపేక్ష ఉన్న వ్యక్తి సంస్థలో మీరొక్కరే. అనుమానం మీ మీదికే పోతున్నది. సోమవారం నాటికి కాకరకాయను ఉన్నదున్నట్లు అప్పగించని పక్షంలో మిమ్మల్ని సస్పెండు చేయక తప్పదు."

ఇంటికొచ్చి సంచీ భార్య ముందు పెట్టి కూలబడ్డాడు. ముద్ద తిరిగొచ్చింది. కానీ సోమవారానికి మళ్లీ కాకరకాయ పోసి అప్పగించాలి. అప్పగిస్తే ముద్ద మళ్లీ బీరువాలోకి పోతుంది, ఈసారి ఇక పోయినట్టే. అప్పగించకపోతే ఉద్యోగం ఊడుతుంది.

"ముందు నుయ్యి, వెనక గొయ్యి రాజ్యం!" అన్నాడు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి, దాచుకోలేదు.

రాజ్యలక్ష్మి లోహపు అప్పడాన్ని చేతిలో పట్టుకుని చూసింది. మొగుడి మొహం చూసింది. "వాళ్లకి కావాల్సింది ఏంటండీ?"

"కాకరకాయ."

"మరి దానికింత ఏడుపెందుకు? సంతలో కుప్పలు పోసి అమ్ముతుంటే!"

శనివారం సంతకెళ్లి, వంపు తిరిగిన తోకా, నిండా బుడిపెలూ ఉన్న లేత కాకరకాయ ఏరి తెచ్చింది. అటక మీంచి గేటు రంగు డబ్బా దింపింది. ఓ పూట పూసి, ఆరబెట్టి, ఇంకో పూట పూసింది. పానకాలరావు దాన్ని తిప్పి తిప్పి చూశాడు. ఉద్యోగమంతా నిజం పరీక్షించిన మనిషికి ఇది మింగుడుపడలేదు.

"పట్టుబడితేనో?"

"వాళ్ల మొహాలకి ఇది చాలు. కూరకి పనికొచ్చే కాయని తగలేశానని నాకు బాధ గానీ, మీకెందుకు?"

సోమవారం కమిటీ ముందు కాకరకాయ పెట్టాడు. వీరభద్రం చేతులు కుండలో ముంచుకుని, బుగ్గకి ఆనించుకుని, కాయని ఎత్తాడు. "బరువు తగ్గినట్లున్నది సార్."



"సహజమే," అన్నారు విద్యారణ్యంగారు. "అగ్నిప్రమాదంలో తేమ ఇగిరిపోయి ఉంటుంది. ఆకారం మాత్రం మునుపటికన్నా సహజంగా ఉన్నది. స్వాధీనపరచుకోండి."

అద్దాల బీరువాలో పెట్టి, తాళం వేసి, లక్క సీలు వేశారు. ఆ సాయంత్రం పానకాలరావు ఆదివారం దాకా ఆగలేదు. సొట్ట గిన్నెలో నీళ్లు కాచి అప్పడాన్ని అందులో దించాడు. ముక్కాలిపీటలు రెండూ దగ్గరికి జరిగాయి. అది అంచుల నుంచి మెత్తబడి, ముడుచుకుని, గుండ్రంగా అడుగున చేరింది. ఇద్దరూ చివరిదాకా చూశారు. ఆ వారం గుత్తివంకాయ పోశారు.

ఏసీ చల్లదనంలో కాకరకాయ కొన్నాళ్లు బుద్ధిగానే ఉంది. ఓ రోజు ఏసీ చెడిపోయింది. ఆ తరువాత ఒకనాటి పొద్దున వీరభద్రం పరుగెత్తుకుంటూ డైరెక్టర్‌గారి గదికి వెళ్లాడు. వెనకాలే పానకాలరావుకి పిలుపు వచ్చింది. ఇంక అయిపోయిందనుకుని, మనసులో పానకాల స్వామిని తలుచుకుంటూ వెళ్లాడు.

బీరువా ముందు అందరూ గుమిగూడి ఉన్నారు. లోపల కాకరకాయ ఉబ్బి, వెండిరంగు పెచ్చులుగా లేచి, సందుల్లోంచి పసుపు కనిపిస్తోంది. కొన దగ్గర మూడు చీలికలుగా విచ్చుకుని, ఎర్రటి గింజలు బయటికి తొంగిచూస్తున్నాయి. మస్తాన్‌వలి చల్ల టీ గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. పానకాలరావు వంక ఓసారి చూసి, మీసం కింద నవ్వు దాచుకోవడానికి ఆ టీ తాగేశాడు.

విద్యారణ్యంగారు అద్దానికి ముక్కు ఆనించి చాలాసేపు చూశారు. వెనక్కి తిరిగారు. ఆయన కళ్లు చెమర్చి ఉన్నాయి.

"మిత్రులారా! ఏం జరిగిందో గమనించారా? కరగలేదు!" అన్నారు గద్గదంగా. "మన లోహం కరగకుండుట నేర్చుకున్నది. అంతటితో ఆగక, పండినది! ఇది ప్రపంచంలో ఏ లోహమూ సాధించని ప్రగతి. పానకాలరావుగారూ, మిమ్మల్ని శంకించినందుకు చింతిస్తున్నాను. తక్షణం దీనికి రోజూ నీళ్లు పోసే బాధ్యత మీకు అప్పగిస్తున్నాను. మొదటి కాపు పెద్ద అధికారిగారికి పంపాలి."

ఎద్దు ఈనిందంటే దూడని కట్టెయ్యమన్నట్టుంది వ్యవహారం. వీరభద్రం అప్పటికే పందిరి కోసం తడికలకి ఫైలు తెరిచాడు. ఓసారి కొరివితో తల గోక్కున్నవాడు గనక, పానకాలరావు నోరు విప్పలేదు. "చిత్తం" అని మాత్రం అన్నాడు.

సాయంత్రం ఇంటికొచ్చి జరిగిందంతా చెప్పాడు. రాజ్యలక్ష్మి కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది, గోడకి ఆనుకుని నవ్వింది, చివరికి పీట మీద కూర్చుని కళ్లు తుడుచుకుంది. స్టవ్వు మీద సొట్ట గిన్నెలో నీళ్లు పొగలు కక్కుతున్నాయి. గుత్తివంకాయ ముచ్చిక అప్పుడే వంగుతోంది.

"రేపు నీళ్లు పోయడానికి వెళ్తారుగా," అంది. "ఎవరూ చూడకుండా ఆ గింజలు రెండు పట్టుకురండి. పెరట్లో పెడదాం."